ముందు సీటు మీద శాలువా

మా చిన్నమ్మ ఆ రోజు నాకు చెప్పే వెళ్లింది. రాయడానికి చాలా చిన్న వాక్యం ఇది. పైకి అనడానికి మాత్రం నాకు సగం జీవితం పట్టింది. మా బంధువుల్లో ఎవరిని కదిపినా, మున్నార్ కొండల్లో మా చిన్నమ్మ తప్పిపోయిన కథ చెబుతారు. అందులో నవ్వు తెప్పించే భాగాలన్నీ నేను చేర్చినవే. అసలు తప్పిపోవడం అన్న మాటను ఆ కథకు తగిలించిందీ నేనే. కాబట్టి సరిచేయవలసినవాణ్ణి కూడా నేనే అవుతాను.

మొన్న వానాకాలం చివర్లో ఒక ఆదివారం తార్నాకలో ఉన్న మా తమ్ముడి ఇంటికి వెళ్లాను. తమ్ముడంటే చిన్నమ్మ కొడుకు. నేనుండేది యూనివర్సిటీ క్వార్టర్స్‌లో, పని చేసేది అక్కడి ఆఫీసుల్లో ఒకదానిలో. క్యాంపస్ నుంచి తార్నాక చౌరస్తా దాకా చదువుకునే రోజుల్లో ఈల వేసుకుంటూ నడిచేవాణ్ణి. ఇప్పుడు మధ్యలో బస్టాపు కనబడితే, ఎక్కవలసిన బస్సు లేకపోయినా కాసేపు కూర్చుంటున్నాను. ఆ రోజూ అలాగే కూర్చుని, లేచి, మెట్రో స్తంభాల నీడల్లో నడిచి, వాళ్ల మూడో అంతస్తు చేరేసరికి నాకు మాట్లాడే ఓపిక లేదు. చిన్నమ్మ టీ తెచ్చి ఇచ్చి, నా ఎదురుగా కూర్చుని, కొంగు సర్దుకుంటూ మెల్లగా అంది: “మా వాకింగ్ ఆడోళ్లంతా మున్నార్ పోతాండారంట నాయనా. నన్నూ రమ్మంటాండారు.”

అది నాతో అన్నట్టే ఉంది గానీ కొడుక్కి వినిపించాలని అన్నది. వాడు ఫోన్లోంచి తల ఎత్తకుండానే, “మళ్లా మున్నారా? ఒకసారి తప్పిపోయింది చాల్లేదా అమ్మా నీకు?” అన్నాడు. వాడు పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. వాడి మాట సికింద్రాబాద్ మాట. “అన్నా, నువ్వే చెప్పు. ఆ రోజు బస్సంతా ఎంత పరేషాన్ అయిందో నువ్వు చూసినవ్ కదా.” వంటింట్లోంచి వాడి భార్య నవ్వుతూ, “అత్తయ్య మెడలో అడ్రస్ కార్డు వేసి పంపిద్దాంలెండి” అంది. ఆ పిల్ల మాటలో చెడ్డతనం లేదు. మా ఇంట్లో అందరూ అనే మాటే ఆమె కూడా అంది. చిన్నమ్మ కూడా అలవాటుగా నవ్వింది. “సరేలే, అడగలేదనుకోండి” అని లేచి ఖాళీ కప్పులు తీసింది. నా కప్పు తీసేటప్పుడు మాత్రం ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు. నా ఇరవైల్లో ఒకసారి, కొండ మీద, వానలో ఆమె నన్ను అలాగే చూసింది. అప్పుడు ఏం చేశానో ఇప్పుడూ అదే చేశాను. తల దించుకున్నాను.

మా వాళ్లది అనంతపురం వైపు. మా అమ్మా, ఆమె చెల్లెలైన ఈ చిన్నమ్మా పెళ్లిళ్లయి ఒకరి వెనక ఒకరు ఈ ఊరు వచ్చారు. మా నాన్నకు లాలాగూడ వర్క్‌షాపులో పని, మెట్టుగూడలో రైల్వే క్వార్టరు. చిన్నాన్న యూనివర్సిటీలో గుమాస్తా. వాళ్లు సీతాఫల్‌మండిలో రెండు గదుల వాటాలో ఉండేవాళ్లు. ఆ వాటాలో నాకు బాగా గుర్తున్నవి బిందెలు. కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది. వచ్చే రోజు చిన్నమ్మ తెల్లవారకముందే లేచి, ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ, ఆఖరికి మూత పోయిన కూజా కూడా, వరసగా పెట్టి వాటి పక్కన పీట వేసుకుని కూర్చునేది. పుట్టింటి ఊళ్లో చేదబావి, మెట్టినింట్లో కుళాయి. నీళ్ల కోసం కాచుకోవడం తప్ప నీళ్లు తమంతట తాము రావడం ఆమె ఎరగదు. ఈ సంగతి ఇంతగా ఎందుకు చెబుతున్నానో తరవాత తెలుస్తుంది.

ఆ రోజుల్లో యూనివర్సిటీ ఉద్యోగులు ఎల్టీసీ మీద, అంటే ఆఫీసు ఇచ్చే ప్రయాణ ఖర్చుల మీద, కలిసి ఒక బస్సు మాట్లాడుకుని ఊళ్లు తిరిగేవాళ్లు. బస్సు పైన గ్యాసు పొయ్యి, డేగిసాలు, బియ్యం బస్తాలు. లోపల వంటమాస్టరుతో సహా అందరి కుటుంబాలు, చుట్టరికం కలుపుకుని చేరిన మా నాన్నా నాలాంటివాళ్లు కొందరు. మా అమ్మ ఇంటి దగ్గరే ఉండిపోయింది, తమ్ముడు అప్పటికింకా పుట్టలేదు. మైసూరు, ఊటీ, కొడైకెనాల్, మున్నార్. తెలుగువాళ్లు కొండలెక్కితే ఎలా ఉంటారో చూడాలంటే ఆ బస్సులో ఉండాలి. మైదానంలోనే స్వెటర్లు తొడుక్కుని ఊటీ చేరేసరికి చెమటతో తడిసిపోయారు. ఊటీలో నీలగిరి తైలం సీసాలు కొని, ఆ రాత్రే సగం సీసా ఒళ్లంతా రాసుకున్నారు. కొడైకెనాల్లో లోయ చూడ్డానికి పొద్దున్నే లేపి తీసుకెళితే అక్కడ మంచు తప్ప ఏమీ లేదు. టూరు పెద్ద చిన్నాన్న ఆఫీసు సూపరింటెండెంటు, ఆయన్ను అందరం పెద్దన్న అనేవాళ్లం. ఆయన లోయ అంచున ఇనుప కంచె దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, “గీ పొగ సూడనీకా గింత దూరం వచ్చినం? మా ఇంట్ల కట్టెల పొయ్యి కాడ కూసుంటే గిదే కనవడుతది గదా” అన్నాడు. కొడైకెనాల్ గురించి మా బస్సు మొత్తానికి మిగిలిన అభిప్రాయం అదే.

ఆ బస్సులో ఒక పద్ధతి నడిచేది. ఘాట్ రోడ్డు మీద వాంతులు కాకుండా ఆడవాళ్లు ముందు సీట్లలో, నిమ్మకాయలు వాసన చూసుకుంటూ. మగవాళ్లు వెనక, పేకముక్కలతో. డ్రైవరు వెనకాల సీటంటే అందరికీ ఆశ, అక్కడ కుదుపు తక్కువ. బస్సు ఆగినప్పుడల్లా ఆ సీటుకు హక్కుదారులు మారిపోయేవాళ్లు కాబట్టి, దిగేముందు సీటు మీద ఏదో ఒకటి వేసి దిగాలి. తువ్వాలైనా, చేతి రుమాలైనా, చంటిపిల్ల గౌనైనా సరే. ఏదన్నా వేసి ఉన్న సీటు జోలికి ఎంత తగువుల మనిషైనా వెళ్లకూడదు. ఊళ్లో సిటీ బస్సు కిటికీలోంచి రుమాలు విసిరే అలవాటే అది, కొండల దాకా మాతో వచ్చింది. ఇక ఆగిన చోటల్లా మనుషుల్ని లెక్క చూసే పని నాది. “సదువుకున్న పోరనివి, నువ్వు సూడు తమ్మీ లెక్క” అని పెద్దన్న అప్పగించాడు. నేనప్పుడు ఎమ్మెస్సీ చదువుతున్నాను. మెడలో స్నేహితుడి దగ్గర అరువు తెచ్చిన కెమెరా ఒకటి వేలాడేది. ఆ రెండింటితో నన్ను నేను ఆ బస్సుకు అధికారిగా భావించుకున్నాను.

మున్నార్ దారిలో కొండలన్నీ టీ తోటలు. నూనె రాసి, పాపిళ్లు తీసి, దువ్వి కూర్చోబెట్టిన బడిపిల్లల తలల్లా ఉన్నాయి. అందరూ లోయల్లోకి చూస్తూ అబ్బా అంటుంటే చిన్నమ్మ మాత్రం రోడ్డు పక్క గోడలాంటి కొండను చూస్తూ కూర్చుంది. ఆ కొండలోంచి ఎక్కడపడితే అక్కడ నీళ్లు. నాచు మీద నుంచి, వేళ్ల సందుల్లోంచి, రాతి పగుళ్లలోంచి కారి, రోడ్డు దాటి, అవతల లోయలోకి పోతున్నాయి. “ఏమిరా, ఇన్ని నీళ్లు ఊరికే కారిపోతాంటే ఎవురూ ఒక బిందన్నా పెట్టరేమిరా?” అని నన్ను అడిగింది. ఎగతాళికి అడగలేదు. ఆమెకు నిజంగానే మనసొప్పలేదు.

ఒకచోట టీ కొట్టు దగ్గర బస్సు ఆగింది. అందరూ దిగారు. చిన్నమ్మ తన శాలువా తీసి, ముందు సీటు మీద పెట్టిన సంచి మీద కప్పి, దాని మీద చిన్నాన్న మంకీ క్యాపు పెట్టి మరీ దిగింది. సీటు గట్టిగా ఆపుకోవాలని. నా దగ్గరికి వచ్చి, “నాయనా, మనం వచ్చిన దోవలో ఆ వంపు అవతల నీళ్ల చప్పుడు వినపడతాంది. కాళ్లు తడుపుకొని వస్తా. బస్సు కదిలేట్టుంటే ఒక కేకెయ్యి” అంది. నేను “సరే చిన్నమ్మా, పో” అన్నాను. అన్నానన్నది నాకు స్పష్టంగా గుర్తుంది. ఎందుకంటే అలా అంటున్నప్పుడు నా కన్ను కెమెరాలో ఉంది. కెమెరా ఎదురుగా కొండ ఉంది. కొండకూ నాకూ మధ్య పెద్దన్న మేనకోడలు ఒకతె, నీలం స్వెటర్లో, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నిలబడి ఉంది. కొండను తీస్తున్నట్టు నటిస్తూ ఆ పిల్లను తీయాలి. ఇంతలో మంచు దిగుతోంది. నా బుద్ధి మొత్తం ఆ పనికి సరిపోయింది.

హారన్ మోగింది. అందరూ పరుగున ఎక్కారు. పెద్దన్న మెట్టు దగ్గర నిలబడి, “ఏం తమ్మీ, అందరు ఎక్కిన్రా?” అన్నాడు. నేను తల లోపలికి పెట్టి చూశాను. ముందు సీట్లో శాలువా కప్పుకుని, మంకీ క్యాపు పెట్టుకుని, ముడుచుకుని పడుకున్న ఆకారం. ఆ బస్సులో సగం మంది ఆడవాళ్లు ఆ టూరంతా అదే ఆకారంలో ఉన్నారు. “ఎక్కినారు పెద్దన్నా” అన్నాను. బస్సు కదిలింది.

శాలువాను చూసి పొరబడ్డానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అది సగమే నిజం. శాలువా కింద ఎవరున్నారో కనిపెట్టవలసిన అవసరం నాకు లేదు. చిన్నమ్మ ఎక్కడుందో నాకు తెలుసు. కేక వేస్తానని మాట ఇచ్చిందీ నేనే. ఆ పది నిమిషాల్లో ఆ మాట నా తలలోంచి పూర్తిగా జారిపోయింది. పక్కన కూర్చున్నవాళ్లు కూడా ఆమెకు వికారంగా ఉండి పడుకుందనుకుని పలకరించలేదు.

భోజనాలకు ఆగినప్పుడు చిన్నాన్న వెనక నుంచి పేకముక్కలు చేతిలో పట్టుకునే వచ్చి, “ఏమే, ఊరగాయ యాడ పెట్టినావు?” అని శాలువాను కదిపాడు. మంకీ క్యాపు దొర్లి కింద పడింది. ముందు బస్సంతా నవ్వింది. తరవాత ఎవరూ నవ్వలేదు. ఆ ఇరుకు రోడ్డు మీద బస్సు తిప్పడానికి వెడల్పు చోటు దొరికేసరికే చాలాసేపు పట్టింది. అప్పటికి వాన మొదలైంది. చిన్నాన్న మెట్టు మీద నిలబడి, తల బయటపెట్టి, ప్రతి వంపు దగ్గరా ఆమె పేరు పెట్టి అరిచాడు. ఆయన భార్యను పేరు పెట్టి పిలవగా నేను అంతకుముందు వినలేదు. ఆయన వెనకే నిలబడి ఉన్న నేను ఒక్కసారి కూడా నోరు తెరవలేకపోయాను.

టీ కొట్టు దాటిన వంపులో, కల్వర్టు గట్టు మీద ఆమె కూర్చుని ఉంది. టీ ఆకు కోసే ఆడవాళ్లు ఇద్దరు ఆమెకు అటూ ఇటూ కూర్చుని, ముగ్గురి తలల మీదా ఒకే ప్లాస్టిక్ కాగితం పట్టుకుని ఉన్నారు. చిన్నమ్మ వణుకుతోంది. బస్సును చూసి లేచి నవ్వింది. చిన్నాన్న దిగేదాకా ఆ నవ్వు ఉంది. “ఎవురికి చెప్పి పోయినావే? నోరు లేదా నీకు?” అని ఆయన అరిచిన అరుపుకు కిటికీల్లోంచి తలలన్నీ బయటికి వచ్చాయి. చిన్నమ్మ తల ఎత్తి నా వైపు చూసింది. నేను తల వంచి కెమెరాలో రీలు తిప్పడం మొదలుపెట్టాను. ఆమె గొంతు వినిపించింది. “ఎవురికీ చెప్పలేదు. నాదే తప్పు.” అని బస్సెక్కి, శాలువా తీసి కప్పుకుంది.

ఆ ఆలస్యం వల్ల డ్యాము దగ్గర పడవ షికారు అందలేదు. పిల్లలు ఏడ్చారు, పెద్దవాళ్లు గొణిగారు. మిగిలిన టూరంతా చిన్నాన్న ఆమెను వెనక సీట్లో తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. వెనక కుదుపులకు ఆమె దారి పొడవునా వాంతులు చేసుకుంది. ముందు సీటు వేరేవాళ్లకు పోయింది. ఇంటికి వచ్చాక నేను రీలు కడిగిస్తే, ఆ ఫొటోలో కొండా లేదు, నీలం స్వెటరూ లేదు. తెల్లటి మంచు మాత్రం పడింది. ఆ పిల్ల నా పేరైనా అడగలేదు.

దాచుకున్న తప్పు దాచుకున్నట్టే ఉంటే ఒక మాదిరి. నేను దాన్ని కథ చేశాను. మొదటిసారి ఎవరి పెళ్లిలోనో, ఎవరైనా ఇంకేమైనా అడుగుతారేమో అన్న భయంతోనే అనుకుంటాను, ముందుగా నేనే ఎత్తుకున్నాను. పెద్దన్న గొంతూ, చిన్నాన్న గొంతూ, మంకీ క్యాపు దొర్లడం, అన్నీ చేసి చూపించాను. జనం కడుపుబ్బ నవ్వారు. ఆ తరవాత ప్రతి పెళ్లిలో నన్ను కూర్చోబెట్టి చెప్పించుకున్నారు. ఎక్కడికి బయలుదేరినా “అందరూ ఎక్కినారా? చిన్నమ్మ ఎక్కిందా?” అనడం మా వంశంలో మామూలైపోయింది. చిన్నమ్మ కూడా నవ్వేది. చిన్నాన్న మాత్రం ఒక్కసారి కూడా నవ్వలేదు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ రోజు భయపడ్డాడు. ఆ భయం మొదట కేకలై, తరవాత కట్టడి అయింది. కాశీకి ఆమెను వదిలి స్నేహితులతో వెళ్లాడు. అరకు వెళ్లినప్పుడు ఇల్లు చూసుకోవడానికని ఆమెను ఉంచారు. ప్రతిసారీ అదే మాట, “నువ్వొద్దులే, తప్పిపోతావు.” ఆయన పోయాక ఆ మాట కొడుకు అందుకున్నాడు. తార్నాక చౌరస్తాను రోజూ తెల్లవారుజామున ఒంటరిగా దాటి, క్యాంపస్ అంతా చుట్టి, కూరగాయలతో ఇంటికి వచ్చే మనిషి గురించి ఇదంతా.

టీ తాగి వచ్చిన ఆ ఆదివారం తరవాత రెండు మూడు రోజులు ఆఫీసులో ఏ కాగితం చదివినా తలకెక్కలేదు. ఒక పొద్దున క్యాంపస్ లోపల, చెట్ల కింద రోడ్డు మీద ఆమె కోసం కాచుకున్నాను. చీర మీద కాన్వాసు బూట్లతో ఆమె వచ్చింది. పక్కన నడుస్తూ, ఆయాసపడుతూ, మొత్తం చెప్పాను. నువ్వు చెప్పే వెళ్లావు, నేను మరిచిపోయాను, అడిగినప్పుడు నోరు మెదపలేదు అని. ఆమె నడక ఆపలేదు.

“నాకు తెలిసిందే నాకు చెప్తాండావా?” అంది.

“మరి ఆ రోజు నువ్వు ఎందుకు చెప్పలేదు?”

“మీ నాయన ఆ బస్సులోనే ఉన్నింది మర్చిపోయినావా? అందరి ముందర నాలుగు పీకుతుండె. ఆ నీలం స్వెటరు పిల్ల కూడా చూస్తా ఉన్నింది.” నా చెవులు, ఈ వయసులో, వేడెక్కాయి. కొంత దూరం పోయాక అంది: “నువ్వే ఒకరోజు చెప్తావులే అనుకుంటి. చెప్తే చెప్పినావు గానీ నవ్వులాటకు చెప్పినావు.”

“అక్కడ భయమేసిందా?”

“వెయ్యదా మరి? మంచు కమ్ముకున్నాక నా చెయ్యి నాకు కనపడలేదు. ఆ ఆడోళ్లు రాకుంటే ఏమయ్యేదో. నీళ్లు మాత్రం చానా చల్లగా, బాగున్నాయి.” ఆ మాటకు ఆమె ముఖంలో ఏదో వెలిగి ఆరింది. గేటు దగ్గర విడిపోయేముందు, “నాకు చెప్పి ఏం లాభంరా. ఆ కథ ఎవురెవురికి చెప్పినావో వాళ్లకు చెప్పు” అని రోడ్డు దాటి వెళ్లిపోయింది. ఎంత ట్రాఫిక్కో! చెయ్యి అడ్డం పెట్టి, ఆటోలను ఆపి మరీ దాటింది.

ఆ నెలలోనే తమ్ముడి కూతురి పుట్టినరోజు. వాళ్ల అపార్టుమెంటు మేడ మీద షామియానా వేసి భోజనాలు పెట్టారు. మా అమ్మ, మా ఇంటివాళ్లు, సీతాఫల్‌మండి నాటి పాత ఇరుగుపొరుగు కొందరు వచ్చారు. తిన్నాక అలవాటు ప్రకారం ఆ పిల్ల తన స్నేహితులను వెంటబెట్టుకుని వచ్చి, “పెదనాన్నా, నానమ్మ తప్పిపోయిన స్టోరీ చెప్పవా!” అంది. కుర్చీలు దగ్గరికి జరిగాయి. నేను మొదలుపెట్టాను. కొడైకెనాల్ పొగ దగ్గర నవ్వారు. టీ కొట్టు దగ్గరికి వచ్చాక నా గొంతు మామూలుగా చేయవలసిన వేషాలు చేయలేదు. “ఇక్కడ ఇన్నేళ్లూ నేనొక మాట మింగేశాను” అన్నాను. చెప్పాను. నీళ్ల చప్పుడు, కేకెయ్యమనడం, సరే అనడం, కెమెరా. ఎవరో అలవాటుగా నవ్వబోయి ఆగిపోయారు. మా అమ్మ, “ఇన్నేళ్లు మనసులో ఎట్ల పెట్టుకున్నావురా?” అంది. తమ్ముడు నా వైపు చూడలేదు, వాళ్లమ్మ వైపు తిరిగాడు. “నువ్వన్న చెప్పొద్దా అమ్మా?”

చిన్నమ్మ మజ్జిగ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. “నన్ను ఎవురు అడిగినారు నాయనా? తప్పిపోయినావు, తప్పిపోయినావు అన్నారు గానీ ఎట్ల తప్పిపోయినావని ఒకరన్నా అడిగినారా?”

నేను లేచి, అందరూ చూస్తుండగా ఆమె దగ్గరికి వెళ్లాను. “చిన్నమ్మా, నువ్వు తప్పిపోలేదు. నేనే నిన్ను వదిలేసి వచ్చినాను. నన్ను క్షమించు” అన్నాను.

ఆమె గిన్నె బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, కొడుకు వైపు తిరిగింది. “మున్నార్ పోయే ఆ బస్సోళ్లకు ఫోన్ చేసి నాకు ముందు సీటు కావాలని చెప్పు. ఈసారి శాలువా సీటు మీద వెయ్యను, కప్పుకుంటా.” వాడు తల ఊపి ఫోన్ తీశాడు. అప్పుడు ఆమె నాకు ఒక గ్లాసు మజ్జిగ పోసి ఇచ్చింది.

ఆ రోజు కొండ మీద బస్సును తిప్పుకుని ఆమె దగ్గరికి వెళ్లడానికి మాకు ఒక మధ్యాహ్నం సరిపోయింది. నేను మాత్రం ఆ వంపు చేరేసరికి, ఆమె పేరు పెట్టి అరిచిన మనిషి పోయాడు, నా జుట్టు నెరిసింది, ఆమె చూడవలసిన కొండలు ఎన్నో ఆమె లేకుండానే ఎన్నో వానలకు తడిసి ఆరిపోయాయి.